గ్రహణం మొర్రి: తప్పు అమ్మది కాదు, ఆలస్యం మనది కావద్దు

(పెదవి చీలిక, అంగిలి చీలిక: కారణాలు, పాలు పట్టే పద్ధతి, ఆపరేషన్ వయసులు, ఆరోగ్యశ్రీలో ఉచిత చికిత్స)



ఈ పీడీఎఫ్ ముగ్గురి కోసం. ఒకటి, పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో బిడ్డ పుట్టిన ఇల్లు. రెండు, గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్న దంపతులు. మూడు, అలాంటి బిడ్డ మీ వాడలో ఉందని తెలిసిన మీరు.

మీ ఇంట్లో బిడ్డ ఇప్పటికే పుట్టి ఉంటే ముందు 4వ భాగం చదవండి. అది పాలు పట్టడం గురించి. మిగతాది రేపు చదివినా నష్టం లేదు.

1. కాజీపేటలో ఒక పాప

పథకాల గురించి చెప్పడానికి కాజీపేటలో ఒక అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లాను. సమావేశం అయ్యాక ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. వెనక ఆమె కోడలు నిలబడి ఉంది. కోడలి చేతుల్లో ఇరవై రోజుల పాప. పాప ముఖం మీద కొంగు కప్పి ఉంది.

"గ్రహణం నాడు కత్తిపీట ముందట కూసుంది సారూ. వద్దంటే ఇనలే. ఇగ చూడుర్రి" అన్నది పెద్దమ్మ.

"అప్పటికి ఎన్నో నెల?" అని అడిగాను.

"ఆరో నెల" అని పెద్దమ్మే చెప్పింది. కోడలు తల దించుకుని ఉంది.

అంగన్‌వాడీ టీచర్ పాపను తీసుకుని తూకం వేసింది. పుట్టినప్పటి కన్నా బరువు తగ్గింది. ఇరవై రోజులుగా ఆ ఇంట్లో గ్రహణం ముచ్చటే నడిచింది. పాలు ఎట్లా పట్టాలన్నది ఎవరూ మాట్లాడలేదు. మేము వెళ్లబోతుంటే కోడలు అడిగింది ఒక్కటే మాట: "పాలు ముక్కులకెల్లి వస్తున్నయ్ సార్. ఎట్ల తాపాలె?"

ఆ ఇంట్లో అవసరమైన ప్రశ్న అదొక్కటే. ఈ పీడీఎఫ్ రాయడానికి కారణం కూడా అదే.

2. అసలు ఏం జరుగుతుంది?

తల్లి కడుపులో బిడ్డ ముఖం ఒకేసారి తయారు కాదు. రెండు పక్కల నుంచి, పై నుంచి కొన్ని భాగాలు పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తాయి. అలా కలిసిన చోటే పై పెదవి, చిగురు, అంగిలి ఏర్పడతాయి. మీ పై పెదవి మీద, ముక్కు కింద చిన్న గాడి ఉంటుంది, వేలితో తడిమి చూడండి. దానికి రెండు పక్కలా ఉన్న గీతలు ఆ కలయిక గుర్తులే.

పెదవి భాగాలు గర్భం నిలిచాక సుమారు 4 నుంచి 7 వారాల మధ్య కలుస్తాయి. అంగిలి ఆ తర్వాత కలుస్తుంది. మూడో నెల ముగిసేలోపు ఆ పని కూడా పూర్తవుతుంది. ఏదో ఒక కారణంతో ఆ భాగాలు పూర్తిగా కలవకపోతే అక్కడ చీలిక మిగిలిపోతుంది.

చీలిక అందరిలో ఒకేలా ఉండదు.

• పెదవి చీలిక: పై పెదవి మీద చిన్న గంటు నుంచి ముక్కు రంధ్రం దాకా పోయే చీలిక వరకు ఉండొచ్చు. ఒక పక్కన ఉండొచ్చు, రెండు పక్కలా ఉండొచ్చు. ఒక పక్కన ఉంటే ఎక్కువగా ఎడమ వైపే వస్తుంది.

• అంగిలి చీలిక: నోటి పై భాగంలో సందు ఉంటుంది. బయటి నుంచి ముఖం చూస్తే ఏమీ తెలియదు. నోరు తెరిచి టార్చి వేసి చూస్తేనే కనిపిస్తుంది.

• రెండూ కలిసి: పెదవి, చిగురు, అంగిలి అన్నీ చీలి ఉంటాయి.

• లోపలి చీలిక: అంగిలి మీద పొర బాగానే ఉంటుంది, కింద కండరం మాత్రం కలవదు. కొండనాలుక రెండుగా చీలినట్టు ఉంటే ఇది ఉందేమోనని అనుమానించాలి. బిడ్డ ముక్కుతో మాట్లాడే దాకా దీన్ని చాలా మంది గుర్తించరు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల జననాల్లో ఒకరికి ఈ చీలిక ఉంటుంది. ధనిక దేశాల్లోనూ పుడతారు, పేద దేశాల్లోనూ పుడతారు. కాకపోతే అక్కడ చాలా చోట్ల ఏడాది తిరిగేలోపు ఆపరేషన్ అయిపోతుంది. మన దగ్గర కొందరు బిడ్డలు చీలికతోనే బడి వయసుకు వస్తున్నారు. తేడా అక్కడే ఉంది.

3. గ్రహణం సంగతి, అసలు కారణాల సంగతి

మన భాషలో ఈ లోపానికి పేరే "గ్రహణం మొర్రి". ఆ పేరు పలికిన ప్రతిసారీ నేరం తల్లి మీద పడుతోంది. బయటికి వచ్చిందనీ, కత్తి పట్టిందనీ, కూర కోసిందనీ అంటారు. ఇలా నమ్మేది మనమొక్కరమే కాదు. సముద్రాలకు అవతల ఉన్న మెక్సికోలోనూ గ్రహణం వల్లే పెదవి చీలుతుందని పాతకాలం నుంచి నమ్మకం ఉంది.

మళ్లీ పెద్దమ్మ లెక్క దగ్గరికి వద్దాం. గ్రహణం వచ్చింది ఆరో నెలలో. పాప పెదవి తయారైంది రెండో నెలలో. అంటే ఆ గ్రహణం వచ్చేసరికి పెదవి పని ముగిసి మూడు నెలలు దాటింది. గృహప్రవేశం అయ్యాక వచ్చిన గాలివాన వల్ల పునాది వంకర పోయిందంటే నమ్ముతామా?

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతా కనిపించింది. ఆ రాత్రి మన దేశంలో లక్షల మంది గర్భిణులు ఉన్నారు. రాత్రి డ్యూటీ చేసిన నర్సులు ఉన్నారు, రైళ్లలో ప్రయాణం చేసినవాళ్లు ఉన్నారు. గ్రహణమే కారణమైతే మొర్రి ఉన్న పిల్లలందరూ గ్రహణాల లెక్క ప్రకారమే పుట్టాలి. కానీ ఏ గ్రహణంతో సంబంధం లేకుండా ఏడాదిలో ప్రతి నెలా పుడుతున్నారు. కుక్కపిల్లల్లో, ఆవు దూడల్లో కూడా ఈ చీలిక కనిపిస్తుంది. వాటికి కత్తిపీట ఎక్కడిది?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగానే వెళ్లింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల నుంచి శాస్త్రవేత్తలు దాన్ని చూశారు. ఆ రోజు తలుపులు వేసుకుని కూర్చున్న సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అంత జాగ్రత్తగా ఉన్నా మొర్రి పోలేదు. దాని కారణం ఆకాశంలో లేదు కాబట్టి.

గ్రహణం రోజు ఇంట్లోనే ఉండాలని మీకు అనిపిస్తే ఉండండి. అది మీ ఇష్టం. కానీ గర్భిణికి తిండి, నీళ్లు, వేళకు వేసుకోవాల్సిన మందులు ఆపొద్దు.

మరి అసలు కారణాలు ఏంటి? ఎక్కువ మందిలో ఫలానాది ఒక్కటే కారణం అని వేలు పెట్టి చూపించలేం. జన్యువులు, గర్భం మొదటి వారాల్లో ఉన్న పరిస్థితులు రెండూ కలిసి పనిచేస్తాయి. ముప్పును పెంచేవి ఇవి:

• వంశంలో ఇంతకు ముందు ఎవరికైనా ఉండటం. ఇది తల్లి వైపు నుంచి రావొచ్చు, తండ్రి వైపు నుంచీ రావొచ్చు.
• దగ్గరి రక్త సంబంధంలో పెళ్లి (మేనరికం). ముప్పు కొంత పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మేనరికం చేసుకున్న వాళ్లలో ఎక్కువ మందికి పిల్లలు మామూలుగానే పుడతారు.
• గర్భంలో పొగ తాగడం, మద్యం. భర్త ఇంట్లో కాల్చే బీడీ పొగ కూడా ఇందులోకే వస్తుంది.
• గర్భానికి ముందు నుంచే ఉన్న షుగర్ జబ్బు అదుపులో లేకపోవడం.
• మూర్ఛకు వాడే కొన్ని మందులు. వీటిని మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. గర్భం కోసం అనుకున్నప్పుడే డాక్టర్‌కు చెబితే మందు మారుస్తారు.
• ఫోలిక్ యాసిడ్, ఇతర పోషకాల లోపం.

ఈ పట్టికలో తల్లి చేసిన పాపం ఎక్కడా లేదు. కొందరిలో పైన చెప్పినవి ఏవీ లేకుండానే చీలిక వస్తుంది. పైగా పెదవి తయారయ్యే రోజులకు చాలా మంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. తెలియని రోజుల్లో జరిగినదానికి ఆమెను నిందించడం న్యాయం కాదు.

4. మొదటి పని: పాలు పట్టడం

ఆపరేషన్ సంగతి తర్వాత. మొదటి రోజు నుంచి బిడ్డకు కావాల్సింది బరువు. బరువు పెరిగితేనే ఆపరేషన్‌కు మత్తు ఇస్తారు.

పెదవి చీలిక మాత్రమే ఉంటే చాలా మంది పిల్లలు తల్లి రొమ్ము నుంచే తాగగలరు. చీలిక ఉన్న చోట రొమ్ము ఆనుకునేలా, లేదా మీ వేలితో ఆ సందు మూసేలా పట్టుకోండి.

అంగిలి చీలిక ఉంటే బిడ్డ నోటితో గాలి బిగించి పాలు లాగలేదు. గంట సేపు రొమ్ము నోట్లో ఉన్నా కడుపులోకి పోయేది కొంచెమే. తాగుతోందనే అనుకుంటాం, బిడ్డ మాత్రం అలిసిపోతుంది. అలాంటప్పుడు ఇలా చేయండి:

• శుభ్రంగా చేతులు కడుక్కుని తల్లిపాలు పిండండి. తల్లిపాలే అన్నిటికన్నా మంచివి. చెవుల ఇన్‌ఫెక్షన్ల నుంచి కూడా ఇవి కాపాడతాయి.
• ఉగ్గుగిన్నెతో గానీ చిన్న చెంచాతో గానీ పట్టండి. గిన్నెను ప్రతిసారీ వేడినీళ్లలో మరిగించండి.
• బిడ్డను పడుకోబెట్టి పట్టొద్దు. తల, వీపు పైకి ఉండేలా ఒళ్లో కూర్చున్నట్టు పట్టుకోండి.
• పాలు చుక్క చుక్కగా చెంప లోపలి వైపు వేయండి. మింగాకే మళ్లీ వేయండి.
• ఒకసారి పట్టడం అరగంటలో ముగియాలి. రెండు మూడు గంటలకోసారి, కొంచెం కొంచెంగా పట్టండి.
• ఈ పిల్లలు గాలి ఎక్కువ మింగుతారు. మధ్య మధ్యలో భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి.
• పాలు ముక్కులోంచి వస్తే భయపడొద్దు. నోటికీ ముక్కుకూ మధ్య గోడ లేదు కాబట్టి వస్తాయి. ఒక నిమిషం ఆగి, ముక్కు తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.
• ఆరు నెలల దాకా ఆముదం, ఆవుపాలు, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. తేనె ఏడాది నిండే దాకా వద్దు.

ఉగ్గుగిన్నె అనగానే ఆ పెద్దమ్మ ముఖం మారింది. "మా ఇంట్ల ఉన్నది సారూ, ఇత్తడిది. వీళ్ల నాయినకు దాంతోనే తాపిన" అన్నది. ఇత్తడిది వద్దు, స్టీలుది తెచ్చుకోమని టీచర్ చెప్పింది. ఎట్లా వంచాలో, ఎంత పోయాలో ఆమెకు ఎవరూ నేర్పాల్సిన పని పడలేదు. పట్టే చెయ్యి ఆమెదే. మీ ఇంట్లోనూ అలాంటి చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. నింద పక్కన పెట్టి దాన్ని వాడుకోండి.

వారానికోసారి అంగన్‌వాడీలో గానీ దవాఖానలో గానీ తూకం వేయించండి. పుట్టిన రెండు వారాలకల్లా బిడ్డ పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆ తర్వాత మొదటి నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

వెంటనే దవాఖానకు వెళ్లాల్సిన గుర్తులు: పాలు పట్టేటప్పుడు బిడ్డ నీలంగా మారడం, ఊపిరి కష్టంగా తీయడం, మూత్రం బాగా తగ్గిపోవడం, జ్వరం, పాలు అసలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి.

టీకాలు అందరు పిల్లలకు వేసే వేళకే వేయించాలి. మొర్రి ఉందని ఏ టీకా ఆపొద్దు. కొంతమంది పిల్లల్లో గుండె లోపం వంటివి కూడా కలిసి ఉండొచ్చు. అందుకే పిల్లల డాక్టర్‌తో ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించండి.

5. ఏ వయసులో ఏ చికిత్స?

చికిత్స ఒక్క ఆపరేషన్‌తో అయిపోదు. బిడ్డ పెరిగే కొద్దీ మెట్టు మెట్టుగా నడుస్తుంది. ఈ భాగాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

• పుట్టిన వెంటనే: పాలు పట్టే శిక్షణ, పూర్తి పరీక్ష. కొన్ని చోట్ల మొదటి వారాల్లోనే చిగుళ్లను దగ్గరికి తేవడానికి చిన్న ప్లేటు అమరుస్తారు.

• 3 నుంచి 6 నెలలు: పెదవి ఆపరేషన్. డాక్టర్లు పాతకాలం నుంచి గుర్తుపెట్టుకునే "పది" లెక్క ఒకటి ఉంది. కనీసం 10 వారాల వయసు, సుమారు నాలుగున్నర కిలోల బరువు (10 పౌండ్లు), 10 గ్రాముల హిమోగ్లోబిన్.

• 9 నుంచి 18 నెలలు: అంగిలి ఆపరేషన్. మాటలు గట్టిపడేలోపు ఇది జరగాలి. అన్నిటికన్నా ఎక్కువగా ఆలస్యం అయ్యేది, ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే.

• 1 నుంచి 5 ఏళ్లు: వినికిడి పరీక్షలు, మాట శిక్షణ. అవసరమైన కొందరికి మాట కోసం ఇంకో ఆపరేషన్.

• 8 నుంచి 11 ఏళ్లు: చిగురులో చీలిక ఉంటే తుంటి ఎముక నుంచి కొద్దిగా తీసి అక్కడ నింపుతారు. కోరపన్ను దిగడానికి ఆధారం దొరుకుతుంది. పళ్ల వరసకు క్లిప్పులు వేస్తారు.

• 17, 18 ఏళ్ల తర్వాత: అవసరమైతే దవడ, ముక్కు సరిచేసే ఆపరేషన్.

పెదవి కుట్టగానే ముఖం బాగుపడుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఇక అయిపోయిందనుకుని అంగిలి సంగతి మర్చిపోయేవాళ్లు ఉన్నారు. అలా చేయొద్దు. పెదవి నలుగురికీ కనిపించేది. అంగిలి బిడ్డ మాటకు ప్రాణం.

ఎందుకో మీరే చూడండి. ప, బ, త, ద, క, గ పలకాలంటే నోట్లో గాలి బిగబట్టి వదలాలి. అంగిలిలో సందు ఉంటే గాలి ముక్కులోకి పోతుంది. మ, న మాత్రం ముక్కుతోనే పలుకుతాం కాబట్టి బాగానే వస్తాయి. అందుకే అలాంటి బిడ్డ "అమ్మ" చక్కగా అంటుంది. "పాప" అనబోతే "మామ" లాగా వినిపిస్తుంది. "బాబు", "తాత", "కాకి" సరిగా రావు. బుద్ధి తక్కువై కాదు, గాలి నిలవక. తెలివి మామూలుగా ఉన్న పిల్లలనే "మాట సరిగా రాదు" అని బడిలో వెనక వరసకు నెట్టేస్తుంటారు. మాటకు వేళ దాటిపోతే నేర్చుకున్న తప్పు పలుకులు మార్చడానికి చాలా శ్రమ పడాలి.

చెవి సంగతి కూడా మర్చిపోవద్దు. చెవికీ గొంతుకూ మధ్య ఉండే గొట్టాన్ని తెరిచేవి అంగిలి కండరాలే. అవి సరిగా పనిచేయకపోతే కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. సరిగా వినని బిడ్డ సరిగా మాట్లాడలేదు. అందుకే వినికిడి పరీక్ష తప్పనిసరి.

6. ఆపరేషన్‌కు ముందు, తర్వాత

ముందు:
• దగ్గు, జలుబు, జ్వరం ఉంటే దాచొద్దు. తేదీ వాయిదా పడినా ఫర్వాలేదు, మత్తులో ఊపిరి ఇబ్బంది రాకూడదు.
• మత్తు డాక్టర్ చెప్పిన టైమ్ నుంచి ఏమీ పట్టొద్దు. ఆకలికి ఏడుస్తోందని చాటుగా పాలు పడితే, మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావొచ్చు. అమ్మమ్మ, నానమ్మలకు కూడా ఈ మాట ముందే చెప్పండి.

తర్వాత:
• ఎలా పాలు పట్టాలో డాక్టర్ చెప్పినట్టే పట్టండి. అంగిలి ఆపరేషన్ తర్వాత రెండు మూడు వారాలు గంజి, జావ, పప్పుకట్టు లాంటి పలుచని, మెత్తని ఆహారమే పెట్టాలి. వేడిగా, కారంగా, గట్టిగా ఉండేవి వద్దు.
• ప్రతిసారీ తిన్నాక కొంచెం నీళ్లు తాగించండి. కుట్ల మీద ఆహారం నిలవకూడదు.
• వేళ్లు, బొమ్మలు, గట్టి చెంచా నోట్లోకి పోకుండా చూడండి. మోచేతులు వంగకుండా దవాఖానలో పట్టీలు కడితే చెప్పినన్ని రోజులు ఉంచండి.
• కుట్ల మీద పసుపు, నూనె, విభూది ఏవీ రాయొద్దు.
• రక్తం కారడం, జ్వరం, ఊపిరి కష్టం ఉంటే అదే రోజు దవాఖానకు వెళ్లండి.

పెదవి మీద గీత మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది. నెలలు గడిచే కొద్దీ మెత్తబడి, రంగు తగ్గుతుంది. పూర్తిగా మాయం కాదు. కొందరికి అంగిలి కుట్టిన చోట చిన్న రంధ్రం మిగలొచ్చు. దాన్ని తర్వాత సరిచేస్తారు.

7. డబ్బు లేకుండా చికిత్స: దారి ఇదీ

మొదటి మెట్టు: గుర్తించడం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలు ఉంటాయి. పుట్టుకతో వచ్చే లోపాల పట్టికలో పెదవి, అంగిలి చీలిక ఉంది. ఈ బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్లు వచ్చే దాకా ఆగక్కర్లేదు. ఈ రోజే మీ ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్‌ఎంకు గానీ అంగన్‌వాడీ టీచర్‌కు గానీ చెప్పి బిడ్డ పేరు రాయించండి.

రెండో మెట్టు: చూపించడం. కాజీపేట వాళ్లకు దగ్గరలో ఉన్న పెద్ద ప్రభుత్వ దవాఖాన వరంగల్ ఎంజీఎం. అక్కడ పిల్లల విభాగంలో చూపించండి. పై చికిత్సకు హైదరాబాద్ పంపితే నీలోఫర్‌లో పిల్లల శస్త్రచికిత్స విభాగం, ఉస్మానియా, గాంధీ దవాఖానల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు రెఫరల్ కాగితం తీసుకుని వెళ్లండి.

మూడో మెట్టు: ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకంలో పెదవి చీలిక, అంగిలి చీలిక ఆపరేషన్లు ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఒక్కో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. పథకంలో చేరిన దవాఖానలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. నేరుగా అక్కడికి వెళ్లండి. దవాఖాన వాళ్లే ఆన్‌లైన్‌లో అనుమతికి పంపుతారు. అనుమతి వచ్చాక ఆపరేషన్ చేస్తారు.

తీసుకెళ్లాల్సినవి:
• ఆహార భద్రత కార్డు
• తల్లిదండ్రుల ఆధార్ కార్డులు
• బిడ్డ జనన ధ్రువపత్రం
• దవాఖాన డిశ్చార్జి కాగితాలు, టీకాల కార్డు
• బిడ్డ ఫొటోలు, పని చేసే ఫోన్ నంబర్

బిడ్డ పేరు ఇంకా కార్డులో ఎక్కకపోతే ఆగిపోవద్దు. జనన ధ్రువపత్రం చూపించి ఏం చేయాలో ఆరోగ్యమిత్రను అడగండి. అదే సమయంలో పేరు ఎక్కించే దరఖాస్తు కూడా పెట్టండి.

అనుమతి వచ్చిన ఆపరేషన్‌కు మీ చేతి నుంచి డబ్బు కట్టాల్సిన పని లేదు. "తేదీ త్వరగా ఇప్పిస్తాను" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. 104కి ఫోన్ చేసి చెప్పండి. ఏ దవాఖానలో ఈ ఆపరేషన్ చేస్తారో కూడా అదే నంబర్‌లో అడగొచ్చు.

ప్రయాణం: మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు ఉండవు. గుర్తింపు కార్డు పెట్టుకోండి. చికిత్సకు చాలాసార్లు తిరగాల్సి ఉంటుంది కాబట్టి ఇది చిన్న సాయం కాదు.

8. తరచూ అడిగే ప్రశ్నలు

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇప్పుడు చేయిస్తే లాభం ఉందా?
ఉంది. పెద్దయ్యాక కూడా పెదవి, అంగిలి కుట్టొచ్చు. మాటకు శిక్షణ మాత్రం ఎక్కువ కాలం కావాలి. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాకు చెందిన పింకీ సోన్‌కర్‌కు పసితనంలో ఆపరేషన్ కాలేదు. తర్వాత వారణాసిలో ఉచితంగా అయింది. ఆమె మీద తీసిన "స్మైల్ పింకీ" అనే చిన్న డాక్యుమెంటరీకి 2009లో ఆస్కార్ వచ్చింది. 2013లో వింబుల్డన్ పురుషుల ఫైనల్‌కు టాస్ వేసింది ఆ అమ్మాయే. ఇప్పుడేం లాభంలే అని కూర్చోకండి.

స్కానింగ్‌లో ముందే తెలుస్తుందా?
సుమారు 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలా వరకు కనిపిస్తుంది. అంగిలి ఒక్కటే చీలితే తరచూ కనిపించదు. స్కాన్‌లో కనిపిస్తే కంగారు పడొద్దు. ఇంకేమైనా లోపాలు ఉన్నాయా అని డాక్టర్ చూస్తారు. పెదవి చీలిక ఒక్కటే అయితే అది సరిచేయగలిగిన లోపం. పాలు పట్టడం ముందే నేర్చుకోవడానికి మీకు టైమ్ దొరికిందనుకోండి.

మొదటి బిడ్డకు ఉంది. రెండో బిడ్డకు కూడా వస్తుందా?
వేరే జన్యు జబ్బు ఏదీ లేకపోతే, వచ్చే అవకాశం నూటికి సుమారు మూడు నుంచి ఐదు. అంటే తొంభై ఐదు మందికి పైగా మామూలుగానే పుడతారు. అయినా గర్భం కోసం అనుకున్నప్పుడే డాక్టర్‌ను కలవండి.

ముందు జాగ్రత్తగా ఏం చేయాలి?
పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు మామూలు మోతాదు. అది వెన్నుపాము లోపాలను చాలా వరకు ఆపుతుందని తేలింది. మొర్రి ముప్పును కూడా తగ్గించవచ్చు. ఇంతకు ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు డాక్టర్ చెప్పాలి. షుగర్ అదుపులో పెట్టుకోండి. ఇంట్లో బీడీ, సిగరెట్, మందు మాన్పించండి. ఇవన్నీ చేసినా కొన్నిసార్లు చీలిక రావొచ్చు. అప్పుడూ తప్పు అమ్మది కాదు.

9. చివరగా

కాజీపేట పాపకు మరుసటి వారం తూకంలో ముల్లు కదిలింది. నాలుగో నెలలో పెదవి ఆపరేషన్ అయింది. అంగిలికి తేదీ ఇచ్చారు. మొన్న ఫోన్ చేస్తే పెద్దమ్మే ఎత్తింది. గ్రహణం మాట ఎత్తలేదు. "ఆ రెండోదానికి బరువు సరిపోతదా సారూ?" అని అడిగింది.

మీరు చేయాల్సింది కూడా అంతే. ఇవాళ బిడ్డకు పాలు ఎలా పట్టాలో చూడండి. ఈ వారం తూకం వేయించి, పేరు రాయించండి. వేళకు ఆపరేషన్ చేయించండి. అంగిలిని మర్చిపోకండి.

ఈ పీడీఎఫ్‌ను మీ వాడ గ్రూపులో, మహిళా సంఘం గ్రూపులో పెట్టండి. చదవడం రాని అమ్మ ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి. అత్తగారిని కూడా కూర్చోబెట్టండి.